అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయిన ఉబుంటును తిరిగి లేపడం ఎలా?

ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారుతుండగా కరెంటు పోయింది. లేదా స్క్రీను ఎంతసేపటికీ కదలకపోతే పవర్ బటన్ నొక్కి ఆపేశారు. ఇప్పుడు ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ కొట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అప్‌గ్రేడ్ మార్చేది సిస్టమ్ ప్యాకేజీలను. మీ ఫొటోలు, పత్రాలు ఉండే హోమ్ ఫోల్డర్ సాధారణంగా అలాగే ఉంటుంది. పని ఎక్కడ ఆగిందో కనుక్కొని అక్కడి నుంచి పూర్తి చేయించాలి, అంతే.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. కంప్యూటర్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

అన్నిటికంటే ముందు డేటా

ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ‘ట్రై ఉబుంటు’ ఎంచుకోండి. ఫైల్స్ కిటికీలో మీ డిస్క్ తెరిచి హోమ్ ఫోల్డర్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇస్తే తెరుచుకుంటుంది. ఇది అయ్యాకే మిగతావి.

లక్షణం: అప్‌గ్రేడ్ ఒకేచోట నిలిచిపోయింది

చాలాసార్లు అది నిలిచిపోవడం కాదు, మీ జవాబు కోసం ఎదురుచూడటం. మీరు ఎప్పుడో మార్చిన సెట్టింగుల ఫైలుకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, పాతది ఉంచాలా కొత్తది పెట్టాలా అని టెర్మినల్‌లో అడుగుతుంది. ఆ ప్రశ్న చివర వై, ఐ, ఎన్, ఓ, డీ, జెడ్ అనే అక్షరాలు, డీఫాల్ట్ ఎన్ అని కనిపిస్తాయి. గ్రాఫికల్ కిటికీలో టెర్మినల్ భాగం మూసి ఉంటే ఇదేదీ మన కంట పడకపోవచ్చు. కాబట్టి పవర్ బటన్ మీద చెయ్యి వేసే ముందు దాన్ని తెరిచి చూడండి. ఏం చెప్పాలో తోచకపోతే ఎంటర్ నొక్కండి, మీ పాత ఫైలే ఉంటుంది.

లక్షణం: మధ్యలో ఆగింది, ప్యాకేజీలు సగం సగం

కారణం: ప్యాకేజీలు డిస్క్ మీదికి వచ్చాయి కానీ వాటి అమరిక పూర్తి కాలేదు. అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, నయం చెయ్యడం తేలికైనదీ ఇదే.

కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కండి. పాత బయాస్ మెషీన్లలో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. ఎస్కేప్ గబగబా నాలుగైదుసార్లు కొడితే మెనూ దాటిపోయి ఉత్త గ్రబ్ (ఉబుంటును బూట్ చేసే చిన్న ప్రోగ్రామ్) ప్రాంప్ట్ వస్తుంది. అప్పుడు రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి రికవరీ మోడ్ ఎంచుకుంటే చిన్న జాబితా వస్తుంది. ముందు ‘నెట్‌వర్క్’, తర్వాత ‘రూట్’ ఎంచుకోండి. నెట్ కోసం ఈథర్నెట్ వైరు మేలు. అది లేకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో తగిలించి చూడండి. ఇక వరుసగా ఇవి:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /
డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
ఏపీటీ అప్‌డేట్
ఏపీటీ ఫుల్-అప్‌గ్రేడ్

రెండోది ఏదో ఒక ప్యాకేజీ దగ్గర తప్పు చూపి ఆగితే, మూడోది నడిపి మళ్లీ రెండోదానికి రండి. ఇలా మార్చి మార్చి నడిపితే చాలా ముడులు విడిపోతాయి. అయినా మొండికేస్తే /వర్/లాగ్/డిస్ట్-అప్‌గ్రేడ్ ఫోల్డర్లో ఏపీటీ-టర్మ్ డాట్ లాగ్ తెరిచి చివరి పంక్తులు చదవండి, ఏ ప్యాకేజీ దగ్గర ఆగిందో పేరుతో సహా ఉంటుంది. ఒకేసారి రెండు ప్రోగ్రాములు ప్యాకేజీలను మార్చకుండా ఆపే లాక్ ఫైలు అడ్డొస్తోందని దాన్ని చెరిపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. లాక్ ఉందంటే ఇంకో ప్రాసెస్ పనిచేస్తున్నట్టే, దాన్ని ముగియనివ్వాలి.

పైథాన్ తప్పులు వరుసగా వస్తుంటే, ఎవరో సిస్టమ్ పైథాన్‌ను వేరే వెర్షన్‌కి తిప్పి ఉంటారు. /యూఎస్‌ఆర్/బిన్/పైథాన్3 అనే లింకు 22.04లో 3.10కి, 24.04లో 3.12కి చూపాలి. లేకపోతే సరిచేసి పై వరుస మళ్లీ నడపండి.

లక్షణం: ‘కెర్నల్ పానిక్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’

చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ డిస్క్ పోయిందని కాదు. పక్కన అన్‌నోన్-బ్లాక్(0,0) అని ఉంటే, కొత్త కెర్నల్‌కి (సిస్టమ్‌కి గుండెలాంటి మూల ప్రోగ్రామ్) తోడు రావాల్సిన, బూట్ మొదట్లో డిస్క్‌ను అందుకోవడానికి సాయపడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలు తయారు కాలేదని ఎక్కువగా అర్థం. /బూట్ విడి పార్టిషన్‌గా ఉన్న మెషీన్లలో, ముఖ్యంగా ఎన్‌క్రిప్ట్ చేసినవాటిలో, పాత కెర్నళ్లు పేరుకుని చోటు నిండిపోవడం వల్ల ఇలా జరుగుతుంది.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌తో బూట్ చెయ్యండి. ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ కొడితే 100% కనిపిస్తుంది. ‘యూనేమ్ -ఆర్’ ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ చెబుతుంది, దాన్ని తాకకండి. అంతకంటే పాతదాన్ని ఏపీటీ పర్జ్‌తో తీసెయ్యండి. ఏపీటీ ఒప్పుకోకపోతే ఆ పాత కెర్నల్‌కి చెందిన ఇనిట్ఆర్‌డీ ఫైలు (/బూట్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉండేది ఈ పేరుతోనే) ఒక్కటే చేత్తో తీసి చోటు చెయ్యండి. తర్వాత:

సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -సీ -కే (కొత్త కెర్నల్ పూర్తి పేరు)
సుడో అప్‌డేట్-గ్రబ్

లక్షణం: లోగో వచ్చి నల్ల తెర

ఎన్విడియా కార్డు ఉంటే కొత్త కెర్నల్‌కి డ్రైవర్ తయారు కాలేదని అనుమానించండి. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు ‘ఇ’ కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే పంక్తి చివర నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 నొక్కండి. డెస్క్‌టాప్ వచ్చాక ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’.

లక్షణం: ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే ప్రాంప్ట్

చాలాసార్లు దీనికి కారణం ఫైల్ సిస్టమ్ దెబ్బతినడం. స్క్రీన్ మీద చూపిన పార్టిషన్ పేరుతో ‘ఎఫ్ఎస్‌సీకే -వై’ నడిపి, అయ్యాక ‘ఎగ్జిట్’ కొట్టండి.

లక్షణం: గ్రబ్ మెనూయే రాదు

మళ్లీ లైవ్ పెన్‌డ్రైవ్. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’తో పార్టిషన్ల పేర్లు చూసి, ఉబుంటు ఉన్న రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ మీద, విడి /బూట్ ఉంటే దాన్ని, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాటి వాటి చోట్ల మౌంట్ చెయ్యండి. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ ‘మౌంట్ --ఆర్‌బైండ్’తో లోపలికి కలపండి. ‘సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ’ కొట్టగానే మీరు పాడైన సిస్టమ్ లోపల ఉంటారు. అక్కడ ప్యాకేజీల వరుస మొత్తం నడిపి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ చెయ్యండి. పాత బయాస్ అయితే గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్క్ పేరు కూడా ఇవ్వాలి.

ఇక్కడ సీహెచ్‌రూట్ కొట్టగానే లైబ్రరీ తప్పులు చూపి లోపలికే రానివ్వకపోతే, నా సలహా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోమనే. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీయే సగంలో చెదిరితే అతుకులు వెయ్యడం కంటే అదే త్వరగా తెములుతుంది, డేటా ఎలాగూ బయట ఉంది. /హోమ్ విడి పార్టిషన్ అయితే ఫార్మాట్ టిక్ పెట్టకండి.

లేచాక ‘ఎల్‌ఎస్‌బీ_రిలీజ్ -ఏ’ 24.04 అని చూపాలి. బయటి సాఫ్ట్‌వేర్ సోర్సులను అప్‌గ్రేడ్ నిలిపేసి ఉంటుంది. వాటిలో జామీ (22.04కి మారుపేరు) అని ఉన్నచోట నోబుల్ (24.04కి మారుపేరు) అని మార్చి ఒక్కొక్కటే ఆన్ చెయ్యండి, ప్రతిసారీ ఏపీటీ అప్‌డేట్ నడపండి. తప్పు చూపినదాన్ని మళ్లీ ఆఫ్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు నోబుల్‌కి ఇచ్చేదాకా ఆగండి.