మూడు ముక్కల డిస్కు ఒకటే అయింది

మా స్టూడియో కంప్యూటర్‌లో పెళ్ళి వీడియోలు మూడు చోట్ల పడి ఉండేవి. పాత 500 జీబీ డిస్కులో 200, 265 జీబీల పార్టిషన్లు రెండు. పక్కన 1 టీబీ డిస్కు, దానిలో 931 జీబీల పార్టిషన్ ఒకటి. ఏ పెళ్ళి ఎక్కడుందో వెతకడమే ఒక పని. లినక్స్‌లో వేరువేరు పార్టిషన్ల జాగాను ఒకటిగా కలిపే ఎల్‌వీఎంతో ఈ మూడింటినీ కలిపేశాను. ఆదేశాలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడిపించే మాట) చేర్చి టైపు చేయండి.

కలిపితే లోపలున్నదంతా పోతుంది కాబట్టి ముందు వేరే డిస్కులోకి కాపీ తీసుకోండి. తర్వాత డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి, పేర్లతో పాటు సైజులు కూడా చూసుకోండి. నిన్న ఎస్‌డీబీ అన్న పేరుతో కనిపించిన డిస్కు రీబూట్ తర్వాత ఎస్‌డీసీ కావచ్చు. నేను పేరు మాత్రమే చూసి ఒక రిసెప్షన్ వీడియో పోగొట్టుకున్నాను. ఆ ఇంటివాళ్ళకు మొహం చూపించలేక నెల రోజులు వేరే వీధిలో తిరిగాను.

పార్టిషన్లను అన్‌మౌంట్ చేసి, బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో వాటి పాత వరుసలు తీసేసి, ఇలా ఇవ్వండి (ఎస్‌డీబీ నా పాత డిస్కు, ఎస్‌డీసీ 1 టీబీది):

పీవీక్రియేట్ /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీబీ2 /డెవ్/ఎస్‌డీసీ1

పాత ఫైల్‌సిస్టమ్ కనిపిస్తే చెరిపేయాలా అని అడుగుతుంది. అదే చివరి హెచ్చరిక. ఆ రోజు నేను చదవకుండానే వై నొక్కింది ఇక్కడే. ఇప్పుడు మూడింటినీ పెళ్ళి అనే ఒక గుంపుగా కట్టి, అందులోంచి వీడియోలు అనే ఒకే పెద్ద జాగా తీయాలి:

వీజీక్రియేట్ పెళ్ళి /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీబీ2 /డెవ్/ఎస్‌డీసీ1

ఎల్‌వీక్రియేట్ -ఎల్ 100%ఫ్రీ -ఎన్ వీడియోలు పెళ్ళి

ఇందులో ఎల్ చిన్నది, ఫ్రీ మాత్రం పెద్ద అక్షరాల్లో. పెద్ద ఎల్ అయితే 200జీ లాంటి కొలత ఇవ్వాలి. ఇక ఫార్మాట్:

ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 -ఎం 0 /డెవ్/పెళ్ళి/వీడియోలు

ఆ -ఎం 0 లేకపోతే 5 శాతం జాగా రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం పక్కన పెడుతుంది. మా లెక్కలో అది దాదాపు 70 జీబీ. వీడియోలు మాత్రమే దాచే డిస్కుకు అంత దండగ ఎందుకు?

ఒక ఫోల్డర్ చేసి మౌంట్ చేయండి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో కొత్త వరుస రాయండి. ఆ వరుసలో నోఫెయిల్ చేర్చడం మరవవద్దు. లేకపోతే ఏదో ఒక డిస్కు వైరు ఊడిన రోజున కంప్యూటర్ మామూలుగా బూట్ కాకుండా మధ్యలో నిలిచిపోతుంది, సరిగ్గా పెళ్ళివాళ్ళు ఆల్బమ్ కోసం వచ్చి కూర్చున్నప్పుడే.

రేపు కొత్త డిస్కు కొంటే దానిమీద పీవీక్రియేట్, తర్వాత వీజీఎక్స్‌టెండ్, ఆపైన ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +100%ఫ్రీ /డెవ్/పెళ్ళి/వీడియోలు. -ఆర్ వల్ల ఫైల్‌సిస్టమ్ కూడా పెరుగుతుంది, అన్‌మౌంట్ చేయనక్కరలేదు.

ఒక డిస్కు చచ్చిపోతే మాత్రం మిగతా డిస్కుల్లోని వీడియోలు కూడా దక్కుతాయన్న నమ్మకం లేదు. అందుకే ఇది బ్యాకప్ కాదు, నా రెండో కాపీ ఇంట్లో బీరువాలో ఉంటుంది. డిస్కు మూలగడం మొదలుపెట్టిందా, కొత్తదాన్ని పైన చెప్పినట్టు వీజీఎక్స్‌టెండ్‌తో చేర్చి, పీవీమూవ్ /డెవ్/ఎస్‌డీసీ1 ఇస్తే అందులోని సరుకు ఖాళీ ఉన్న చోటికి తరలిపోతుంది. అది ముగిశాక వీజీరెడ్యూస్‌తో పాతదాన్ని తప్పించవచ్చు. గంటల పని, రాత్రి పెట్టి పడుకుంటాను. మధ్యలో కరెంటు పోతే, తిరిగి వచ్చాక ఏ పేరూ ఇవ్వకుండా పీవీమూవ్ అని కొడితే చాలు, మిగిలిన పని కొనసాగిస్తుంది.