బ్యాగు భుజాన వేసుకుని బందరు నుంచి చీరాల దాకా

బెజవాడ వాళ్ళకైనా గుంటూరు వాళ్ళకైనా బీచ్ అంటే ఆదివారం కారేసుకుని సూర్యలంక వెళ్ళడం, మునగడం, బిర్యానీ తిని రాత్రికి ఇల్లు చేరడం. నేను చెప్పేది అది కాదు. మూడు రోజులు సెలవు దొరికితే బందరులో (అదే మచిలీపట్నం) దిగి, కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమ మీదుగా కృష్ణ దాటి, బాపట్ల, చీరాల చూసుకుని రైల్లో వెనక్కి రావచ్చు. ఈ వరసలోనే వెళ్ళండి, తిరగేయకండి. దివిసీమలో బస్సు కోసం కాచుకునే ఓపిక మొదట్లోనే ఉంటుంది, చీరాల, బాపట్ల అయితే చెన్నై మెయిన్ లైను మీదున్నాయి కాబట్టి ఒళ్ళు హూనమయ్యాక ఏదో ఒక రైలు ఎక్కి పడుకోవచ్చు.

డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మే నెలలో మాత్రం వద్దు, ఎండ సంగతి అటుంచి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, చేపల కోసం వెళ్ళి చెరువు చేప తిని రావాల్సి వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారేమో వార్తల్లో చూసుకోండి. ఎగరేశారా, టికెట్ డబ్బులు పోయినా సరే ఇంట్లో కూర్చోండి. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమలో ఏ పెద్దాయన్నైనా అడగండి, మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి రోజు పొద్దున్నే బెజవాడ నెహ్రూ బస్టాండులో బందరు బస్సెక్కండి, 70 కిలోమీటర్ల చిల్లర. లాడ్జిలో బ్యాగు పడేసి మంగినపూడి బీచ్‌కి వెళ్ళండి. అక్కడ తెల్ల ఇసుక ఉండదు, నల్ల రేగడి, చెప్పులు అందులో దిగబడితే ఇక అంతే, నావి ఒక జత ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. లోతు తక్కువ కాబట్టి ఈత రానివాళ్ళకి ఇదే కాస్త నయం. సాయంత్రం టైముంటే పెడన వెళ్ళి చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం చూడండి. బందరు మిఠాయి తొక్కుడు లడ్డు మాత్రం మొదటి రోజే కొనకండి, మోసుకు తిరగలేక తినేస్తారు.

రెండో రోజు చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరు, హంసలదీవి. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఇదే. వేణుగోపాలస్వామి గుడి, దాటాక పాలకాయతిప్ప, మడ అడవులు, ఆ పైన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. బెజవాడ బ్యారేజీ దగ్గర రోజూ చూసే నీళ్ళేనా ఇవి అనిపిస్తుంది. అది అభయారణ్యం, కాబట్టి అటవీశాఖ వాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళొచ్చంటే అక్కడిదాకే. దిగగానే కండక్టర్నో ఆటో అతన్నో ఆఖరి బండి ఎన్నింటికో అడగండి. నేనోసారి అడగలేదు, చీకట్లో దోమలతో మాట్లాడుకుంటూ చాలా దూరం నడిచాను. రాత్రికి అవనిగడ్డలోనే పడుకోండి.

మూడో రోజు పులిగడ్డ–పెనుమూడి వారధి దాటితే రేపల్లె. విసుగొస్తే రేపల్లె నుంచే తెనాలి రైలుంది, సిగ్గుపడక్కర్లేదు. లేదంటే బస్సులో బాపట్ల, అక్కణ్ణుంచి 9 కిలోమీటర్లు సూర్యలంక. కార్తీక పౌర్ణమికి ఇసుక వేస్తే రాలనంత జనం, ఆ రోజు తప్పించండి. జనం వద్దనుకుంటే చీరాల దగ్గర ఓడరేవు అనే ఊరి బీచ్ మేలు, పొద్దున్నే వెళ్తే పడవల దగ్గరే చేపలు అమ్ముతుంటారు.

నీళ్ళలో దిగేముందు ఒడ్డున వలలు సర్దుకునే వాళ్ళని ఎక్కడ దిగొచ్చో అడగండి. అమావాస్య, పౌర్ణములకి పోటు ఎక్కువ. నీళ్ళు లోపలికి లాగుతుంటే ఒడ్డుకి ఎదురీదకండి, అలిసిపోతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. మందు తాగి మాత్రం దిగకండి.

బ్యాగులో జీన్సు పెట్టకండి, తడిస్తే రెండు రోజులు ఆరదు. రెండు పల్చటి తువ్వాళ్ళు, రబ్బరు చెప్పులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల క్రీము, ఫోనుకి ప్లాస్టిక్ కవరు, ఆటోలకి చిల్లర చాలు. తిరుగు ప్రయాణానికి చెన్నై నుంచి బెజవాడ వచ్చే పినాకిని ఎక్స్‌ప్రెస్ చీరాలలో ఆగుతుంది, గుంటూరు వాళ్ళు తెనాలిలో దిగి మారండి. ఎక్కేముందు బ్యాగు ఒకసారి బోర్లించి దులపండి, లేకపోతే ఇసుకంతా పక్కవాళ్ళ ఒళ్ళో పడుతుంది.