పునాదిలో పగులా? పూడ్చే ముందు కొలవండి

పగులు కనబడగానే మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించేస్తుంటారు. దయచేసి ఆ తొందర పడకండి. పూత పగులును దాచేస్తుంది తప్ప ఆపదు. అది ఎప్పుడో ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా అన్నది ముందు తేలాలి.

సమస్య: వెంట్రుకంత సన్నని గీతలు

కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకోవడం వల్ల వస్తాయి. రెండు అంచులూ సమంగా ఉండి, తడి ఊరకపోతే టెన్షన్ అక్కర్లేదు.

సమస్య: ఏటవాలుగా పాకి, ఒక కొస వెడల్పైన పగులు

కారణం: చాలావరకు పునాది ఒక పక్క కుంగడమే. పైపు లీకై మట్టి మెత్తబడినా, సరిగ్గా దిమ్మిస కొట్టని పూడిక మీద కట్టినా ఇలా అవుతుంది. బంకమట్టి నేలైతే తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఈమధ్యే తలుపులు పట్టేస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

పరిష్కారం: ముందు నీటి సంగతి చూడండి. లీకు బాగుచేయించి, వాననీరు గోడకు దూరంగా పారేలా నేలకు వాలు ఇవ్వండి.

తర్వాత కొలత. పగులు రెండు కొసల్లోనూ పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. గీత దాటితే పగులు పాకినట్టే. పగులుకు ఒక పక్క రెండు, రెండో పక్క ఒకటి చొప్పున చిన్న స్క్రూలు త్రికోణంలా బిగించి, వాటి మధ్య దూరాలను, సన్నని కొలతలు తీసే పరికరమైన వెర్నియర్ కాలిపర్స్‌తో నెలకోసారి రాసుకోండి. రెండే స్క్రూలైతే విచ్చుకోవడం ఒక్కటే తెలుస్తుంది, మూడుంటే అంచు జారడం కూడా దొరుకుతుంది. ఎండకు, చలికి కాంక్రీటు కూడా సాగి ముడుచుకుంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి. ఏడాది తిరిగేదాకా ఓపిక పట్టండి. కాలాన్ని బట్టి పెరిగి తరిగే పగులు వేరు, పెరుగుతూనే పోయే పగులు వేరు.

ఆగిపోయిన పగులుకు ఎపాక్సీ ఇంజెక్షన్ (గట్టిపడే జిగురును పగుల్లోకి ఎక్కించడం) సరిపోతుంది. నీరు కారుతుంటే పాలీయురేథేన్ (నురగలా ఉబ్బి పగులును మూసే రసాయనం) నయం. కదులుతున్న పగుల్లో ఎపాక్సీ నింపితే పక్కనే కొత్తది పుట్టవచ్చు. కుంగడం ఆగకపోతే ఇంజినీర్ సలహాతో, పాత పునాది కింద కొత్త ఆధారం కట్టే అండర్‌పిన్నింగ్ చేయించాలి.

సమస్య: తుప్పు మరకలున్న పగులు

లోపలి చువ్వలు తుప్పుపట్టాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. పెచ్చులు తీసి, చువ్వలు శుభ్రం చేయించకుండా పైపూత వేస్తే ఉపయోగం లేదు.

సమస్య: సెల్లార్ గోడలో అడ్డంగా పగులు

బయటి మట్టి, నీరు గోడను లోపలికి నెడుతున్నాయి. గోడ కాస్తయినా ఉబ్బితే, లేదా ఏ పగులైనా 5 మిల్లీమీటర్లు దాటితే ఏడాది పరిశీలనలు పెట్టుకోకండి, వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి.