మిల్లులోని పాత డాస్ బిల్లింగును కొత్త కంప్యూటర్ మీదికి మార్చే పద్ధతి

ధాన్యానికి పుట్టి 850 కిలోల లెక్కన బిల్లు వేసే ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ ప్రోగ్రాం మీ రైస్‌మిల్లులో ఇంకా పెంటియం కంప్యూటర్ మీదే నడుస్తోందా? అయితే పాడయ్యేది ప్రోగ్రాం కాదు, పెట్టె. పవర్ సప్లై ఫ్యానులో తవుడు దుమ్ము అట్టకడుతుంది, హార్డ్ డిస్క్ బేరింగు అరుగుతుంది. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాంలను అసలు నడపదు. అందుకే ఎమ్యులేటర్, అంటే కొత్త కంప్యూటర్‌లోనే పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం.

ఏ ఎమ్యులేటర్ కావాలో తెలియాలంటే ముందు పాత కంప్యూటర్ వెనక వైపు చూడండి. ప్రింటర్ ఒక్కటే ఉంటే డాస్‌బాక్స్-ఎక్స్ చాలు. మామూలు డాస్‌బాక్స్ వద్దు, అది ఆటల కోసం రాసింది, ప్రింటింగ్ దగ్గర చేతులెత్తేస్తుంది. వేబ్రిడ్జి నుంచి సీరియల్ వైరు వస్తున్నా ఇబ్బంది లేదు. యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ పెట్టి, దాని కామ్ నంబరును డాస్‌బాక్స్-ఎక్స్ సీరియల్ సెట్టింగులో ఇవ్వండి. బాడ్ రేటు, పారిటీ కాటా ఇండికేటర్‌లో ఉన్నవే ఉండాలి, లేకపోతే బరువు బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. ప్రింటర్ పోర్టుకు, కేబులుకు మధ్య డాంగిల్ (ప్రోగ్రాంను కాపీ చేసి వాడకుండా పెట్టే తాళం లాంటి ముక్క) ఉంటే మాత్రం ఆగండి. అది నిజమైన పారలల్ పోర్టును వెతుకుతుంది, యూఎస్‌బీ కేబులు దాన్ని మోసం చేయలేదు.

పెట్టె మూత తీసి లోపల కూడా చూడండి. రైతు పేర్లు తెలుగులో వచ్చే ప్రోగ్రాం అయితే తెర మీద తెలుగు చూపించే జిస్ట్ కార్డు ఉండొచ్చు. డాస్‌బాక్స్-ఎక్స్‌లో గానీ పాత కంప్యూటర్‌ను పూర్తిగా అనుకరించే 86బాక్స్ ఎమ్యులేటర్‌లో గానీ ఆ కార్డు లేదు. అంకెలన్నీ సరిగ్గానే వస్తాయి, పేర్ల చోట మాత్రం గీతలూ గుర్తులూ కనబడతాయి. డేటా పోలేదు, భారతీయ లిపుల పాత కోడైన ఇస్కీలో భద్రంగానే ఉంది. దాన్ని ప్రోగ్రాం డేటా ఉండే డీబీఎఫ్ ఫైళ్లనుంచి తీసి యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అది వేరే పని.

ఇప్పుడు డిస్క్. చూద్దామని నాలుగుసార్లు ఆన్ చేయకండి, అరిగిన డిస్క్‌కు ఒక్కో స్టార్టూ గండమే. ఆఖరిసారి ఆన్ చేసినప్పుడు బయోస్‌లోని సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు కాగితం మీద రాసుకోండి, మొత్తం డిస్క్‌నే 86బాక్స్‌లో బూట్ చేయాల్సి వస్తే అవే కావాలి. తర్వాత డిస్క్ విప్పి, జంపర్ మాస్టర్‌లో పెట్టి, 40 పిన్నుల ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టర్‌కు తగిలించండి. 12 వోల్టుల కరెంటు విడిగా ఇచ్చే అడాప్టరే తీసుకోండి, 3.5 అంగుళాల డిస్క్‌ను యూఎస్‌బీ కరెంటు తిప్పలేదు. మరీ పాత, 500 ఎంబీ లోపు డిస్కులను కొన్ని అడాప్టర్లు గుర్తించవు, వాటికి ఐడీఈ పోర్టున్న మదర్‌బోర్డు వెతకాల్సిందే.

విండోస్‌కు తగిలిస్తే ఫార్మాట్ చేయమంటావా అని అడగొచ్చు, ఒక్క క్లిక్కుతో అంతా పోతుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పాడైన డిస్కులను కాపీ చేసే డీడీరెస్క్యూతో ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీయండి. మొదటి విడత రీట్రై లేకుండా, ఏవి చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టి. చదవని సెక్టార్లు మిగిలితే రెండో విడత మూడు రీట్రైలు. డిస్క్ టక్‌టక్‌మంటే ఆపేయండి. పాత డాస్ డిస్కుల్లో మొదటి పార్టిషన్ సాధారణంగా 63వ సెక్టారులో, అంటే 32,256 బైట్ల తర్వాత మొదలవుతుంది. ఆ ఆఫ్‌సెట్ ఇచ్చి ఇమేజ్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, ప్రోగ్రాం ఫోల్డరు, ఆటోఎగ్జెక్, కాన్ఫిగ్ ఫైళ్లు కాపీ చేసుకోండి.

డాస్‌బాక్స్-ఎక్స్‌లో ఫోల్డరును పాత డ్రైవు అక్షరంతోనే మౌంట్ చేయండి, ప్రోగ్రాం డీ అంటే డీనే వెతుకుతుంది. సైకిల్స్ (ఎమ్యులేటర్ వేగం) మ్యాక్స్‌లో పెట్టకండి. కొన్ని ప్రోగ్రాంలు మొదట్లోనే ప్రాసెసర్ వేగం కొలుస్తాయి. ఆ సమయం సున్నా వస్తే 'డివైడ్' ఎర్రర్ కొట్టి ఆగిపోతాయి. 20,000 దగ్గర మొదలెట్టి పెంచుకోండి. కాపీ అయ్యాక ప్రోగ్రాం మెనూలో రీఇండెక్స్ ఒకసారి నడపండి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు ప్రోగ్రాం సొంత కోడ్లే పంపుతుంది: 15 అనే కోడు అక్షరాలను కుదిస్తుంది, 18 అనేది మామూలు సైజుకు తెస్తుంది. విండోస్‌లో జెనరిక్ టెక్స్ట్ డ్రైవర్ వేసి, పారలల్ పోర్టును ఫైలుకు మళ్లించి, ఆ ఫైలును మార్పులేకుండా ప్రింటర్‌కు పంపండి. టైమౌట్ (ఇక ప్రింటు అయిపోయిందనుకునేముందు ఆగే సమయం) అర సెకను ఉంటే, లెక్క మధ్యలో ప్రోగ్రాం కాస్త ఆగినా బిల్లు రెండు ముక్కలవుతుంది. మూడు సెకన్లు పెట్టండి.

చివరగా సరిచూడటం. పుట్లలోకి సరిగ్గా తెగని పాత బిల్లు ఒకటి తీయండి. పుట్టి 17,000 రూపాయలు, బరువు 7,330 కిలోలు అనుకుందాం. కిలోల మీద కడితే 1,46,600. పుట్లను మూడు దశాంశాలకు, 8.624కు సర్దితే 1,46,608. రెండింటికే సర్దితే 1,46,540. పాత కాగితం మీద ఏది ఉందో తెర మీద అదే రావాలి. తేడా వస్తే ఎమ్యులేటర్‌ను తిట్టకముందు ఫోల్డరు చూడండి. సాధారణంగా అందులో రెండుమూడు ఎగ్జిక్యూటబుల్ ఫైళ్లు పడి ఉంటాయి, మీరు నడిపింది పాత వెర్షనేమో. బ్యాచ్ ఫైలు ఏది పిలుస్తోందో ఆటోఎగ్జెక్ చూస్తే తెలుస్తుంది.