బంతి వేసినా టమాటా కాయట్లేదా? ముందు నీడ చూడండి

పురుగును అటు లాగుతుందని టమాటా పక్కన బంతి వేశాం, అయినా కాపు లేదు అని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఆ మడి మీద ఎండ ఎన్ని గంటలు పడుతోంది? చాలామంది చూసి ఉండరు. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి పెరట్లోకి వెళ్లి చూడండి, చాలు. టమాటా, వంగ, మిరపకు కనీసం 6 గంటల ఎండ కావాలి. అది లేకపోతే పక్కన ఏ మొక్క ఉన్నా లాభం లేదు.

సమస్య: మొక్క సన్నగా సాగుతుంది, పూత రాలిపోతుంది

కారణం: మడి వేసినప్పుడు లేని నీడ తర్వాత వచ్చి ఉంటుంది. నేను గట్టిగా దెబ్బ తిన్నది ఇక్కడే. జూన్‌లో చిక్కుడుకు 6 అడుగుల పందిరి వేశాను. దానికి ఉత్తరాన టమాటా మడి. జూన్‌లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు, పందిరి నీడ దాని కిందే పడుతుంది. ఆ తర్వాత దక్షిణానికి జరుగుతాడు. డిసెంబరు చివరికి అదే పందిరి నీడ మధ్యాహ్నం వేళ ఉత్తరానికి 5 అడుగులు సాగుతుంది. పైగా చిక్కుడు గుబురుగా అల్లుకునేది చలికాలంలోనే.

నేనేమో బంతి బలమంతా లాగేస్తోందని పీకేశాను. వర్మీకంపోస్టు వేశాను, వేపనూనె కొట్టాను. ఒకరోజు 11 గంటలైనా టమాటా ఆకుల మీద మంచు ఆరలేదు. నాలుగడుగుల అవతల ముల్లంగి ఆకులు పొడిగా ఉన్నాయి. అప్పుడు తలెత్తి పందిరి వైపు చూశాను.

పరిష్కారం: పందిళ్లు, మొక్కజొన్న, కంది లాంటి ఎత్తువి ఉత్తరం అంచున. టమాటా, వంగ, మిరప వాటికి దక్షిణాన. పందిరి కదపలేకపోతే ఆ నీడలో పాలకూర, కొత్తిమీర చల్లండి, అవి సర్దుకుంటాయి.

సమస్య: బంతి ఉన్నా టమాటాకు కాయతొలుచు పురుగు

రెండింటి విత్తనాలూ ఒకే రోజు వేసి ఉంటారు. టమాటా పూతకొచ్చేసరికి బంతి కూడా పూసి ఉండాలి, అప్పుడే తల్లి పురుగు గుడ్లు పెట్టడానికి అటు పోతుంది. 40-45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు కలిపి నాటండి. పురుగు పట్టిన బంతి పూలు ఎప్పటికప్పుడు తెంపేయండి. పొడుగు రకం బంతిని మిరపకు దక్షిణాన మాత్రం పెట్టకండి, మళ్లీ అదే నీడ.

సమస్య: వేళ్లకు బుడిపెలు

చిక్కుడు, బొబ్బర్లకైతే, గోటితో తీస్తే ఊడొస్తే మంచివే. టమాటా, వంగ వేళ్లు ముడులుగా ఉబ్బితే అవి మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగులు, అక్కడ ఒక పంట పూర్తిగా బంతే వేయండి.

ఉల్లి పక్కన చిక్కుడు ఎదగదంటారు. నా మడుల్లో ఎప్పుడూ దాని వల్ల కాపు పోలేదు.

మేడ మీద పెంచేవాళ్లకు దక్షిణపు పిట్టగోడే పందిరి. దాన్ని ఆనుకుని ఉన్న టమాటా కుండీలను దీపావళి తర్వాత ఎండలోకి జరపండి.