బంతి, చామంతి: మొక్క పెరిగినా పూలు నిండుగా రాకపోతే

బతుకమ్మ దగ్గరపడేసరికి నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "బంతి నడుమెత్తు పెరిగింది, పూలే లేవు." వెంటనే గుప్పెడు యూరియా వేస్తారు. దయచేసి వేయకండి. చాలాసార్లు లోటు ఎరువులో ఉండదు, కొస తుంచకపోవడంలో ఉంటుంది.

ఒంటికాడ మీద రెండు మూడు పూలే

పై చివురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొలకలను లేవనివ్వదు. ఆ కొస తీసేస్తే ఆకుల మొదళ్లలో ఆగిపోయినవన్నీ కొమ్మలవుతాయి. బంతికి ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఐదు జతలు ఉంచి తుంచితే పది కొమ్మల దాకా రావచ్చు.

నారు నాటిన సుమారు నెలకు తుంచాలి. అప్పటికే మొదటి మొగ్గ కనిపించినా జాలిపడొద్దు. పొద్దున్నే, ఆకు తడి ఆరాక, బొటనవేలి గోరును ఆకుల జతకు కాస్త పైన పెట్టి పక్కకు వంచండి. చిటుక్కున విరిగితే అదునులో ఉన్నట్టు. పీచులా సాగితే అక్కడ కాడ ముదిరింది, ఇంకాస్త పైన లేత చోట తుంచండి. వారం పది రోజుల్లో ఆకుల మొదళ్లలో జంట చివుళ్లు కనిపిస్తాయి.

కొమ్మలొచ్చాయి కానీ పండగకు పూలు అందలేదు

ఆలస్యంగా తుంచారు. తుంచిన మొక్క పూత పది పదిహేను రోజులు వెనక్కి పోతుంది. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్యకు వస్తుంది, తేదీ ఏటా మారుతుంది. అందుకే క్యాలెండర్ చూసి వెనక్కి లెక్కపెట్టుకోవాలి: అమావాస్యకు నెలన్నర ముందే తుంచడం అయిపోవాలి, దానికి నెల ముందు నాటడం, ఇంకో మూడు నాలుగు వారాల ముందు నారు పోయడం. ఇప్పటికే ఆలస్యమైతే ఈసారి తుంచకండి. కర్ర ఊతమిచ్చి వచ్చిన పూలు తీసుకోండి.

చామంతి గుబురుగా ఉంది, మొగ్గే లేదు

ముందు రాత్రిపూట బయటికి వెళ్లి చూడండి. కుండీ మీద వీధిలైటో వరండా బల్బో పడుతోందా? చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ వేస్తుంది. తెల్లవార్లూ వెలుతురుంటే దానికి రాత్రి రానట్టే. కుండీని చీకటి మూలకు మార్చండి. లైటు లేకపోయినా మొగ్గ రాలేదంటే వర్షాకాలం చివరిదాకా తుంచుతూ పోయారేమో గుర్తు చేసుకోండి. ఆగస్టు చివరికల్లా చామంతిని తుంచడం ఆపేయాలి.

మొగ్గలు బోలెడు, పూలు చిన్నవి

దేవుడికి పెద్ద చామంతి కావాలంటే కొమ్మకు నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి, పక్కవి శనగగింజంత ఉన్నప్పుడే తీసేయండి. బతుకమ్మ పేర్చడానికైతే నా మాట వేరు: వరసలు నిండాలి కాబట్టి పూల సంఖ్యే ముఖ్యం, మొగ్గలను ముట్టుకోవద్దు.

ఆకులు ముదురు పచ్చ, పూత లేదు

నత్రజని ఎక్కువైంది. యూరియా ఆపండి. ఎండ తగలనివ్వండి.

తుంచిన చోట నల్లబడింది

ముసురులో తుంచితే గాయం ఆరదు. నల్లబడిన మేర కింద ఆరోగ్యంగా ఉన్న చోటికి కత్తిరించండి, కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లే ప్రమాదమూ ఉంది, బోదె మీద నాటుకోవాలి. చలక నేలలో ఆ బెడద తక్కువ, కానీ తేమ త్వరగా ఆరిపోతుంది, నీళ్లు తప్పించొద్దు.

కొత్త చివుళ్లు ముడుచుకుంటున్నాయి

తుంచాక వచ్చే లేత చివురంటే పేనుబంకకు ప్రీతి. ఆకు అడుగు తిప్పి చూస్తే గుంపులుగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టండి. వారానికి మళ్లీ చూసి, ఉంటే ఇంకోసారి.

మొదటి కోత బాగుంది, తర్వాత తగ్గిపోయింది

వాడిన పూలు మొక్క మీదే ఉండి గింజ కడుతున్నాయి. రెండు రోజులకోసారి కాడతో సహా తీసేయండి. వచ్చే ఏటి విత్తనానికి అన్నిటికన్నా ముద్దగా పూసిన మొక్క మీద నాలుగు పూలు మాత్రం ఎండనివ్వండి.