రివ్యూ కోడ్ బిల్లు ఫోల్డర్‌లో పెట్టండి

"భోజనం బాగుందండీ" అని మెచ్చుకున్నవాళ్లు కూడా రివ్యూ రాయరు. ఇంటికెళ్లాక హోటల్ పేరు వెతికే ఓపిక ఎవరికుంటుంది? అదే బిల్లు కట్టేటప్పుడే ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి గూగుల్ రివ్యూ రాసేలా ఉంటే పని సులువు.

యజమాని ఖాతాతో లాగిన్ అయి, గూగుల్‌లో మీ హోటల్ పేరు కొట్టండి. బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో మీ హోటల్ వివరాలు కనిపించే పేజీ) రివ్యూలు అడిగే బటన్ నొక్కితే లింకు, క్యూఆర్ కోడ్ వస్తాయి. కోడ్‌ను 3 సెంటీమీటర్లకు తగ్గకుండా ప్రింట్ తీసి, బిల్లు ఫోల్డర్ లోపల అతికించండి. మెరిసే లామినేషన్ వద్దు, లైటు పడితే ఫోన్ కోడ్‌ను పట్టుకోకపోవచ్చు. మ్యాట్ అయితే ఆ గొడవుండదు. ముందు వేరే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి, నేరుగా మీ రివ్యూ పేజీయే తెరుచుకోవాలి.

"రివ్యూ రాస్తే డిస్కౌంట్" అని మాత్రం పెట్టొద్దు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. కష్టపడి తెచ్చుకున్న రివ్యూలే ఎగిరిపోవచ్చు.